నా నోట బేస్తవారం

జబ్బు నా దగ్గర్నుంచి మొదట ఎత్తుకుపోయిన మాట 'గురువారం'.

పోయిందని నాకు తెలియలేదు. దాని చోట 'బేస్తవారం' వచ్చి కూర్చుంది. మా కడప జిల్లాలో గురువారాన్ని అలాగే అంటారు. అంగట్లో, బస్సులో, చేలల్లో, ఎక్కడ విన్నా అదే మాట. అననిదాన్ని నేనొక్కదాన్నే. జమ్మలమడుగులో ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. "గురువారం అనాలి నాయనా, గురువారం" అని పిల్లల చేత పలికించి పలికించి గొంతు అరగదీసుకున్నాను. అందుకు నాకేమీ సిగ్గు లేదు. పేపర్లు దిద్దేవాళ్ళు ఏ ఊరివాళ్ళో తెలియదు కాబట్టి పిల్లలకు రెండు రకాల మాటా వచ్చి ఉండాలన్నది నా వాదం. ఇప్పటికీ అదే అంటాను.

ఇప్పుడు బాగున్నాను. ఇది రాయడానికి సగం కారణం, రాయగలనా అని చూసుకోవడం. మిగతా సగం మీకోసం. మీ ఇంట్లో మనిషి ఎవరైనా ఉన్నట్టుండి మారిపోయి, ఆ మార్పు మీకు ముచ్చటగా ఉంటే, దయచేసి ఆ ముచ్చటను కొంచెం అనుమానించండి.

శ్రావణం

మా ఆయన పేరు ఓబులేసు. పులివెందుల దగ్గర చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, పుట్టి పెరిగారు. జమ్మలమడుగులో డ్రిప్పు పైపుల అంగడి నడుపుతారు. పెళ్ళయిన మర్నాటి నుంచి నేను ఆయన మాట దిద్దుతూనే ఉన్నాను. "యాడికి పోతాండావు మే?" అంటే "ఎక్కడికి వెళ్తున్నావు" అని అందించేదాన్ని. "సరే టీచరమ్మా" అని నవ్వి, మరుక్షణం మళ్ళీ "యాడికి" అనే అనేవారు. ఇరవై ఏళ్ళు దాటినా ఇద్దరిలో ఒక్కరమూ తగ్గలేదు. మా సంసారం చాలావరకు ఇదే.

నిజానికి నా చిన్నప్పటి మాటా ఆయన మాటే. నేను బడి ఈడు వచ్చేదాకా లింగాలలో మా అవ్వ దగ్గర పెరిగాను. తర్వాత మా నాన్న ప్రొద్దుటూరు తీసుకొచ్చి బడిలో వేశారు. ఆయనా తెలుగు పంతులే. మావైపు తలుపును 'వాకిలి' అంటారు. నేను బయట నిలబడి "నాయనా, వాకిలి తియ్యి" అని అరిస్తే, "తలుపు" అనేదాకా ఆయన గడియ తీసేవారు కాదు. అలా అవ్వ మాటలన్నీ ఒక్కొక్కటే అడుగుకు దిగిపోయాయి.

ఆ శ్రావణంలో అవి పైకి తేలడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో పద్యం చెప్తున్నాను. గాలికి తలుపు కొట్టుకుంటోంది. "రేయ్, ఆ వాకిలెయ్యండ్రా" అన్నాను. తరగతి మొత్తం బిత్తరపోయి, ఆ తర్వాత ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నారో మాత్రం నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మా ఆయన సంచితో లోపలికి వచ్చారు. రోజూ నేను అడిగేది, "ఏమండీ, ఉల్లిపాయలు తెచ్చారా?" అని. ఆ రోజు, "మామా, ఎర్రగడ్డలు తెచ్చినావా?" అన్నాను.

ఆయన సంచి కింద పెట్టడం మరిచిపోయారు. "ఏందీ?" అన్నారు.

"ఎర్రగడ్డలు మామా."

చెవులు ఎర్రబడిపోయాయి పాపం. పెళ్ళిపీటల మీద కూడా అంత సిగ్గుపడలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నొప్పి లేదు, జ్వరం లేదు. నీళ్ళు కలిపిన పాలలాంటి వెలుతురు పొద్దస్తమానం కళ్ళముందు ఉండేది. మనుషులు దాని అవతలి నుంచి మాట్లాడుతున్నట్టుండేది. ఉన్నట్టుండి ముక్కుకు తడిమట్టి వాసన తగిలేది. వెంటనే చుట్టూ జరుగుతున్నదంతా ఇదివరకు ఒకసారి జరిగిపోయిందనిపించేది. ఇంకా చిత్రం ఏమిటంటే, ఏ రోజైనా నాకు బేస్తవారంలాగే ఉండేది. లింగాలలో అవ్వ బేస్తవారం ఒక్కపొద్దు ఉండేది. సాయంత్రం దీపం పెట్టాక నాకు బెల్లం కలిపిన అన్నం ముద్దలు పెట్టేది. నేను రోజూ ఆ ముద్దల కోసం ఎదురు చూస్తూ తిరుగుతున్నాను.

మా ఆయన అంగడి తొందరగా మూసి వచ్చేవారు. మిద్దె మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆయన చిన్నప్పుడు తోటల్లో దొంగతనంగా కోసిన చీనీకాయల సంగతులు, గేదె తరిమిన సంగతులు ఇన్నేళ్ళలో ఎన్నడూ నాకు చెప్పలేదు. చెప్పబోతే మధ్యలో నేను మాట దిద్దేదాన్నిగా! ఇప్పుడు ఆయన "శానా బాగుండె మే ఆ కాలం" అంటే నేను "ఔ మామా" అంటున్నాను. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకిప్పటికీ గుండె నిండిపోతుంది. జబ్బులోవని తెలిసినా సరే.

ఒక ఆదివారం పులివెందుల వెళ్ళాం. మా అత్తగారు నేను రెండు మాటలు మాట్లాడగానే సంగటి కెలికే తెడ్డు వదిలేసి బయటికి వచ్చారు. "ఒరే ఓబులేసూ, ఇన్నేండ్లకు నా కోడలు నాతో మాట్లాడ్తాంది సూడ్రా! ఇన్నాళ్ళూ ఇంట్లో రేడియో పెట్టినట్టుండె" అన్నారు. నాకు సంగటి ముద్ద, శెనక్కాయల పచ్చడి, అదే ఊరుబిండి, ఆవిడే తినిపించారు. ఊరుబిండి కారానికి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే, ప్రేమకు తిరిగాయనుకుని ఇంకో ముద్ద పెట్టారు.

ఇంత సంతోషంలో, పాలు పొంగి గిన్నె మాడిపోవడం ఎవరి కంట పడుతుంది? చెప్పిన పాఠమే మర్నాడు మళ్ళీ చెప్తే పిల్లలు ఎందుకు వద్దంటారు? ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్న మా కూతురు మేఘన మాత్రం ఇంటికి వచ్చినప్పుడల్లా నా ముఖంలోకి అదేపనిగా చూసేది. "అమ్మ ఎందుకో తేడాగా ఉంది నాయనా" అని వాళ్ళ నాన్నతో అంది. "వయసు పాప, అందరికీ వస్తాది" అన్నారాయన.

దసరా ముందు

బడి నుంచి ఇంటికని బయలుదేరి పెన్న వంతెన మీదికి వెళ్ళాను. మా ఇల్లు అటువైపు కాదు. పైన మైలవరం డ్యాం నుంచి నీళ్ళు వదిలినట్టున్నారు, ఇసుక మీద పలచగా పారుతున్నాయి. ఎంత బాగుందో! ఎటు చూసినా ఇల్లు దగ్గర్లోనే ఉన్నట్టు ఉంది, కానీ ఎటో తెలియడం లేదు. భయం వేయలేదు. పూలమ్మే ఒకామె నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతాండావు మేడమ్మా?"

"అవ్వ కాడికి. ఈపొద్దు బేస్తవారం కదా" అన్నాను.

ఆ రోజు సోమవారం. మా అవ్వ పోయి ముప్ఫై ఏళ్ళు పైనే. ఆమె పూలబుట్ట ఎవరికో అప్పగించి నన్ను ఇంటిదాకా తెచ్చి, మా ఆయన చేతిలో పెట్టి, ఒక మూర మల్లెలు నా చేతికి చుట్టి వెళ్ళింది. ఆ మల్లెల వాసన మాత్రం నాకు స్పష్టంగా గుర్తుంది.

ఆ వారంలోనే ప్రొద్దుటూరులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఊరంతా దసరాకు ముస్తాబవుతోంది. రోడ్డుకు అడ్డంగా లైట్ల తోరణాలు కడుతున్నారు, ఇంకా వెలగలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద మాలాంటివాళ్ళు చాలామంది. నా పక్కన వణికే చేతులతో ఒక పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని ఉంటే, ఆయన భార్య కింద తన చెయ్యి పెట్టి ఒలికింది ఒలికినట్టు పట్టుకుంటోంది. నాకెందుకో వాళ్ళను చూస్తూ ఉండిపోవాలనిపించింది.

నా ఇంకో పక్క యుద్ధం జరుగుతోంది. "నెల కిందటే చెప్పినా గిన్నె మాడిందని. విన్యావా నాయనా?" అని మేఘన.

"అందరిండ్లల్లోనూ మాడ్తాయి లేమ్మా."

"అందరిండ్లల్లోనూ దారి తప్పుతారా?"

ఆయన నా చేతిని తన మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు.

మెదడు జబ్బులను ముందుగా పసిగట్టే పరీక్షలు, వాటికి చికిత్సలు తయారుచేసే కంపెనీ ఒకటి ఆ డాక్టరుగారి దగ్గర చిన్న గది తీసుకుని పనిచేస్తోంది. అందులో హారిణి అనే అమ్మాయి ఉంది. గుంటూరు వైపు పిల్ల, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. పలక లాంటి ట్యాబు నా ముందు పెట్టి బొమ్మలు చూపించింది.

"ఇదేంటో చెప్పండి మేడమ్."

"వాకిలి."

"ఇదండీ?"

"ఎర్రగడ్డ."

"ఇది?"

"పొరక." చీపురును మావైపు అలాగే అంటారు.

"ఈరోజు ఏ వారమండీ?"

"బేస్తవారం."

ఆ రోజు నిజంగానే గురువారం. నా ఖర్మ కాకపోతే, వారంలో మిగిలిన ఏ రోజు తీసుకెళ్ళినా అక్కడే పట్టుబడేదాన్ని. ఒక చిన్న కథ చెప్పి తిరిగి చెప్పమంది. కొంత చెప్పాను, కొంత తప్పాను. ఎలాగో నెట్టుకొచ్చాను.

హారిణి మా వాళ్ళను లోపలికి పిలిచింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. "మొదట్లో ఈ పరీక్షను ఎక్కడో కూర్చుని పుస్తకం తెలుగులో రాశారండీ. ఇక్కడివాళ్ళు వాకిలి, ఎర్రగడ్డ అంటే తప్పు వేసేసేది. ఏ జబ్బూ లేనివాళ్ళకు జబ్బుందని చూపించేది. నేను పోట్లాడి ఇక్కడి మాటలన్నీ చేర్పించానండీ. మేడమ్ చెప్పినవన్నీ ఇప్పుడు సరైనవే. కథ దగ్గర కాస్త తడబడ్డారు, అంతే."

డాక్టరుగారు కూడా చూసి, నిద్ర తక్కువై, మనసు అలిసి ఇలా అవుతుందని, మందులు వాడి మూడు నెలల తర్వాత రమ్మని చెప్పారు. మేఘన ఒక్కసారిగా ఏడ్చేసింది, సంతోషంతో. నేను కూడా నవ్వాను. అందరూ సంతోషంగా ఉంటే నవ్వాలని మాత్రం తెలుస్తోంది నాకు.

వరండా దాటి మెట్ల దగ్గరికి వచ్చాం. మా ఆయన ఆగిపోయారు. చెప్పులు తొడుక్కుంటున్న మనిషి, ఒకటి తొడిగి రెండోది తొడగకుండా నిలబడిపోయారు. తర్వాత ఆ చెప్పు కూడా విడిచేసి, నన్ను చెయ్యి పట్టుకుని, వరసలో ఉన్నవాళ్ళు అరుస్తున్నా వినకుండా డాక్టరు గదిలోకి వెళ్ళిపోయారు.

"సారూ, ఒక మాట. ఆ మాటలు తప్పు కాదు, నిజమే. కానీ అవి నా మాటలు సారూ. ఆమెవి కావు."

డాక్టరుగారికి అర్థం కాలేదు. హారిణి కూడా వచ్చి నిలబడింది.

"ఇరవై ఏండ్లుగా నన్ను బేస్తవారం అననీలేదు సారూ ఈమె. నిద్దట్లో అన్యా దిద్దుతాది. అట్లాంటి మనిషి నోట్లో ఆ మాట వస్తాందంటే ఏందో తప్పుండాది. ఈపొద్దు బేస్తవారమే, కాదనను. నిన్న అడిగినా బేస్తవారమే అనె. రేపు అడిగి సూడు, అదే అంటాది." ఆయన నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "నాకు రెండు నెల్లుగా తెలుసు సారూ. నాకు బాగుండె. నన్ను మామా అంటాంటే శానా బాగుండె. అందుకే నోరు మూసుకున్యా."

హారిణి నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. తలుపు బొమ్మ మళ్ళీ చూపించింది.

"మేడమ్, దీన్ని మీరు బడిలో పిల్లలకు ఏమని చెప్తారండీ?"

"వాకిలి."

"పుస్తకంలో ఏమని ఉంటుంది?"

నేను వెతికాను. ఆ మాట ఉండాల్సిన చోటు నాకు తెలుసు. అక్కడికి వెళ్ళాను. ఏమీ లేదు. మా నాన్న గడియ పట్టుకుని లోపల నిలబడి ఉన్నట్టే ఉంది, నేను చెప్పాల్సిన మాట మాత్రం లేదు. అన్ని నెలల్లో మొదటిసారి నాకు భయం వేసింది. చిన్నపిల్లలా మా ఆయన చొక్కా పట్టుకుని, "మామా, నాకు రావడంల్యా" అన్నాను.

కార్తీకం

తిరుపతిలో ఆసుపత్రికి పంపించారు. వెన్నులోంచి నీరు తీశారు. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరపాటున మెదడు మీద పడిందని, మందులతో దాన్ని శాంతింపజేయవచ్చని చెప్పారట. ఆలస్యమైతే పోయినవి తిరిగి రావని కూడా చెప్పారట. అవేవీ నేను వినలేదు. నాకు తెలిసింది చేతిలో సూది, పైనుంచి చుక్క చుక్కగా దిగే మందు, కిటికీలో కొండ.

ఆ కొండ మీద రోజూ మబ్బు వాలేది. అందులో అవ్వ కనిపించేది, చేతిలో బెల్లం అన్నం గిన్నె. నేను వెళ్ళబోతే ఎవరో కాలు పట్టుకున్నట్టుండేది. చూస్తే మా ఆయన, నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తూ ఉండేవారు. పక్క మంచం రోగితో వచ్చిన తమిళావిడకు నా మాట రాదు, ఆమె మాట నాకు రాదు. రోజూ వచ్చి నా జుట్టు చిక్కు తీసి జడ వేసేది. ఆమె పేరు అడగలేదు. అడగాలన్న తెలివి అప్పుడు లేదు.

మేఘన వాళ్ళ నాన్నతో మాట్లాడడం మానేసింది. "రెండు నెలలు తెలిసీ" అని ఒక్కసారి అని ఊరుకుందట. ఒకరోజు ఆయన కూర్చున్న చోటే గోడకు ఆనుకుని నిద్రపోతుంటే, అది దుప్పటి తెచ్చి కప్పడం నేను చూశాను. ఆ దుప్పటి దగ్గర్నుంచి నాకు అన్నీ వరసగా గుర్తున్నాయి. అంటే నేను వెనక్కి తిరిగింది అక్కడే అయ్యుండాలి.

ఉగాది దాకా

ఇంటికి వచ్చాక కంపెనీ వాళ్ళ చికిత్స మొదలైంది. అది సూది మందు కాదు. మళ్ళీ ఆ ట్యాబే. పొద్దున్నే కూర్చుని మాటలాటలు ఆడాలి. బొమ్మకు పేరు, పేరుకు జత, విన్న కథ తిరిగి చెప్పడం. నేను పిల్లల చేత చేయించినవన్నీ అది నా చేత చేయించింది. తప్పు చెప్తే టుంయ్‌మని మోగేది. నేను పిల్లలకు ఇంకాస్త గట్టిగానే మోగేదాన్ని లెండి.

హారిణి వారం వారం ఫోన్ చేసేది. పరీక్షలో ఇంకో ప్రశ్న చేర్చామని ఒకసారి చెప్పింది. ఆ ప్రశ్న రోగికి కాదు, ఇంట్లోవాళ్ళకు. ఈ మనిషి ఇంతకు ముందు ఎలా మాట్లాడేది, అని. "సార్ వల్లేనండీ" అంది. మా ఆయనకు చెప్తే, "నాదేం ఉండాది" అని పైపుల లెక్క చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

మాటలు వచ్చాయి. ఒక్కసారిగా రాలేదు. ముందు 'ఉల్లిపాయ' వచ్చింది, తర్వాత 'చీపురు'. 'తలుపు' వచ్చిన రోజు లేచి వెళ్ళి మా ఇంటి తలుపులన్నీ ముట్టుకుని చూశాను. శివరాత్రి దాటాక ఒక పొద్దున మా ఆయన పంచాంగం చూస్తూ, "బేస్తవారం లోడు వస్తాది" అని తనలో తాను అనుకుంటున్నారు.

"గురువారం అనాలండీ" అన్నాను వంటింట్లోంచి.

వచ్చి చూస్తే, పంచాంగం ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోతున్నాయి.

ఇప్పుడు మళ్ళీ బడికి వెళ్తున్నాను. పద్యాలు నిలిచాయి. కొన్ని పేర్లు రాలేదు, రావేమో. ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను. పుస్తకం మాటలు తిరిగి వచ్చాయి కానీ, పైకి తేలిన అవ్వ మాటలు మళ్ళీ కిందికి దిగలేదు. రెండూ ఉన్నాయి. ఇప్పుడు నేను నా ఇష్టంతో, పూర్తి తెలివితో ఆయన్ని మామా అని పిలవగలను. మిద్దె మీద కూర్చుని ఆ చీనీకాయల కథలు ఆయన మాటల్లోనే మళ్ళీ వినగలను. ఎంత ఆశగా ఉంటుందో.

ఒకసారి పిలిచాను కూడా. సాయంత్రం ఆయన సంచితో రాగానే సరసానికి, "మామా, ఎర్రగడ్డలు తెచ్చినావా?" అన్నాను. ఆయన ముఖంలో రక్తం లేదు. సంచి జారిపోయి గడ్డలు గడప దాటి దొర్లాయి. రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, "మే, ఈపొద్దు ఏ వారం? సెప్పు. ఏ వారం?" అని అడుగుతున్నారు. "శుక్రవారం అండీ, శుక్రవారం, ఊరికే అన్నాను" అని చెప్పేసరికి నాకే ఏడుపొచ్చింది. మళ్ళీ అనలేదు.

ఆ కంపెనీ పరీక్ష నాకు ఆరు నెలలకోసారి. మా ఆయన పరీక్ష రోజూ ఉంటుంది. పొద్దున కాఫీ గ్లాసు చేతికివ్వగానే, ఏ రోజైనా సరే, "ఈపొద్దు బేస్తవారం కదా మే?" అంటారు, ఏమీ తెలియనట్టు. నేను "కాదండీ, మంగళవారం" అనో "శనివారం" అనో చెప్పేదాకా గ్లాసు నోటి దగ్గరికి వెళ్ళదు.

ఈరోజు నిజంగానే ఆ వారం. ఎండ ఇంకా ఎక్కలేదు, వీధి చల్లగా ఉంది. ఆయన మెట్టు మీద కూర్చున్నారు. గ్లాసు ఇచ్చాను.

"ఈపొద్దు బేస్తవారం కదా మే?"

గ్లాసు పట్టుకుని నా నోటివంకే చూస్తున్నారు. ఔ మామా, బేస్తవారమే, తాగు, సల్లారిపోతాది అని నాలోపల అవ్వ గొంతుతో అనుకున్నాను.

"గురువారం అనాలండీ" అన్నాను పైకి. "తాగండి, చల్లారిపోతుంది."

అప్పుడు తాగారు.